ఉత్తరం తగిలిన చోటు

పక్కన గుండ్లు పడుతున్నా చలించని మనిషి, రెండు పేజీల ఉత్తరం చదివి కుప్పకూలిపోవడమేమిటి? సైనికుల మీద తీసిన సినిమా చూసినప్పుడో, యుద్ధం కథ చదివినప్పుడో చాలామందికి వచ్చే సందేహమే ఇది. తుపాకీ గుండుకి బరువుంది, వేగముంది, అది చర్మాన్ని చీలుస్తుంది. కాగితానికి అవేవీ లేవు. మరి "నువ్వు నన్ను మరిచిపో" అన్న మాట చదివినవాడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఇక్కడ నొప్పి అంటాడెందుకు? అన్నం సయించదు, నిద్ర పట్టదు, కాళ్లలో సత్తువ ఉండదు. ఇదంతా ఉత్త మనోవ్యథేనా, లేక ఒంట్లో నిజంగానే ఏదైనా జరుగుతోందా?

జవాబు వెతికే ముందు ఒక కుర్రవాడి సంగతి చెప్పాలి.

1918 జూలై 8 రాత్రి. ఇటలీలో పియావే నది ఒడ్డున ఫొసాల్టా అనే ఊరి దగ్గర కందకాలు. అమెరికన్ రెడ్‌క్రాస్ తరఫున అంబులెన్సు నడపడానికి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడు అక్కడి ఇటాలియన్ సైనికులకు చాక్లెట్లు, సిగరెట్లు పంచుతున్నాడు. ఆస్ట్రియన్ల మోర్టారు గుండు దగ్గర్లోనే పేలింది. అతని కాళ్లలో రెండు వందలకు పైగా లోహపు ముక్కలు దిగాయి. ఆ కుర్రవాడి పేరు ఎర్నెస్ట్ హెమింగ్వే, తర్వాత రచయిత అయినవాడు. లెక్కప్రకారం అతను సైనికుడు కాడు. కానీ యుద్ధం అతన్ని సైనికుడి కంటే వేరుగా చూడలేదు.

మిలాన్ నగరంలోని రెడ్‌క్రాస్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ నర్సు ఆగ్నెస్ వాన్ కురౌస్కీ. అతనికంటే ఏడేళ్లు పెద్దది. నెలల తరబడి మంచం మీద ఉన్నవాడికి ఆమె మీద ప్రేమ పుట్టింది. యుద్ధం ముగిసింది. 1919 జనవరిలో అతను ఓడెక్కి అమెరికాలో తన ఇంటికి, షికాగో పక్కనున్న ఓక్ పార్కుకి చేరాడు. పెళ్లి చేసుకుంటామనే నమ్మకంతో ఉన్నాడు. ఆమె ఇటలీలోనే ఉండిపోయింది. మార్చి 7 తేదీతో ఆమె రాసిన ఉత్తరం వచ్చింది. తన ప్రేమ అతననుకున్నలాంటిది కాదనీ, త్వరలో వేరొకరిని పెళ్లి చేసుకోబోతున్నాననీ దాని సారాంశం. ఆ వేరొకరు ఒక ఇటాలియన్ ఆఫీసరు. ఆ పెళ్లి కూడా జరగలేదు, అది వేరే కథ.

ఎనిమిది నెలల వ్యవధిలో ఒకే మనిషికి రెండు గాయాలు. మొదటిది కాళ్లలో. డాక్టర్లు కోసి, ముక్కలు తీసి, కట్లు కట్టారు. రెండోది ఎక్కడ తగిలింది?

గుండెలోనేనా

తెలుగులో గుండె పగిలిందంటాం, గుండెల్లో రాయి పడిందంటాం. చాలా భాషలు నింద గుండె మీదే వేశాయి. వైద్యంలో కూడా అలాంటి జబ్బొకటి ఉన్న మాట నిజమే. తట్టుకోలేని వార్త విన్న కొందరికి గుండెలో ఒక గది అడుగుభాగం కొట్టుకోవడం బలహీనపడి, బుడగలా ఉబ్బుతుంది. 1990లో జపాన్ డాక్టర్లు దీన్ని వివరించి, టాకొత్సుబో అని పేరు పెట్టారు. ఆక్టోపస్‌లను పట్టడానికి అక్కడి జాలర్లు సముద్రంలోకి దించే కుండ పేరది. ఉబ్బిన గుండె ఆకారం ఆ కుండలాగే ఉంటుంది. అయితే ఈ జబ్బు వచ్చేవారిలో నూటికి దాదాపు తొంభైమంది స్త్రీలు, అందులోనూ ముట్లుడిగిన వయసువారే ఎక్కువ. ఇరవయ్యేళ్ల సైనికుడి ఛాతీలో నొప్పికి ఇది కారణం కావడం అరుదు. అతని గాయం కోసం ఇంకాస్త పైకి, మెదడులోకి వెళ్లాలి.

ఒకే పందిరి

మెదడును ముందు నుంచి వెనక్కి నిలువునా సగం చేస్తే, రెండు సగాలూ ఆనుకునే లోపలి గోడ మీద వంపు తిరిగిన ఒక పట్టీ కనిపిస్తుంది. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సింగ్యులేట్. లాటిన్‌లో నడుముకి చుట్టుకునే పట్టీ అని అర్థం కాబట్టి మనం నడికట్టు అనుకుందాం. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఈ నడికట్టు ముందుభాగం ఉలిక్కిపడుతుంది. ముల్లు ఏ వేలికి గుచ్చుకుందో కనిపెట్టడం దీని పని కాదు, అందుకు వేరే భాగాలున్నాయి. "ఇది భరించలేను, ముందు ఏదో ఒకటి చెయ్యి" అని తొందరపెట్టడమే దీని పని.

2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహచరులు ఒక చిన్న ఆట ఆడించారు. మెదడులో ఎక్కడ రక్తప్రసారం పెరుగుతోందో చూపించే స్కానింగ్ యంత్రంలో మనిషిని పడుకోబెట్టి, ఎదురుగా తెర మీద బంతాట పెట్టారు. ఇంకో ఇద్దరితో కలిసి బంతి విసురుకోవాలి. కాసేపయ్యాక ఆ ఇద్దరూ ఇతనికి బంతి ఇవ్వడం మానేసి వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు. నిజానికి అవతల మనుషులెవరూ లేరు, అంతా కంప్యూటరే. ముక్కూ మొహం తెలియనివాళ్లు బంతి ఇవ్వకపోతే పోయేదేముంది? అయినా నడికట్టు ముందుభాగం చురుకైంది. ఎవరు ఎంత బాధపడ్డామని చెప్పారో, వారిలో అది అంత ఎక్కువగా మెరిసింది.

బంతాటకే ఇలా ఉంటే, ఏళ్ల ప్రేమ పోతే? 2011లో ఈథన్ క్రాస్ బృందం, ఆర్నెల్ల లోపు ప్రేమ విఫలమైన 40 మందిని పిలిచింది. అందరూ అవతలివారే వద్దనడం వల్ల విడిపోయినవాళ్లు. స్కానింగ్ యంత్రంలో వాళ్లకు ఆ మనిషి ఫొటో చూపించి, విడిపోయిన రోజుని గుర్తుచేసుకోమన్నారు. మరోసారి ముంజేతికి ఓర్చుకోగలిగినంత వేడి తగిలించారు. రెండు సందర్భాల్లోనూ మెదడులో మెరిసిన చోట్లు చాలావరకు కలిశాయి. నడికట్టు ఒక్కటే కాదు, ఒంటికి నొప్పి తగిలినట్టు నమోదు చేసే భాగాలు కూడా పనిచేశాయి.

దీంతో మనసు నొప్పీ, ఒంటి నొప్పీ ఒక్కటేనని పత్రికలు రాసేశాయి. అక్కడ తొందరపడ్డారు. మన ఊళ్లో ఒకే టెంటు హౌసు నుంచి పందిరి తెచ్చి పెళ్లీ చేస్తారు, పెద్దకర్మా చేస్తారు. దూరం నుంచి చూసేవాడికి పందిరి, కుర్చీలు, దీపాలు మాత్రమే కనిపిస్తాయి. లోపల జరుగుతున్నదేమిటో తెలియాలంటే దగ్గరికి వెళ్లాలి. 2014లో టోర్ వేగర్ బృందం ఆ పని చేసింది. ప్రేమ విఫలమైనవారి స్కానులను ఇంకా సన్నగా, ఆ భాగాల్లో ఏ మూల ఎంత మెరిసిందో అల్లికను బట్టి పరిశీలించింది. పందిరి ఒకటే, కార్యాలు వేరని తేలింది. వేడి తగిలిన మెదడేదో, విడిపోయిన మనిషిని చూసిన మెదడేదో అల్లికను బట్టి వేరు చేసి చెప్పగలిగారు.

నాకు ఈ రెండో ఫలితమే ఎక్కువ నచ్చుతుంది. మనసు నొప్పి ఒంటి నొప్పికి నకలు కాదని ఇది చెబుతోంది. దానికి తనదంటూ ఒక స్థానం ఉంది, స్కానులో గుర్తుపట్టగలిగే రూపం ఉంది. ఆ సైనికుడు నటించడం లేదు, పిరికివాడూ కాడు.

ప్రకృతి ఇలాంటి ఏర్పాటు ఎందుకు చేసింది? మందలోంచి తప్పిపోయిన దూడని చూడండి. అరుస్తుంది, అటూ ఇటూ పరుగెడుతుంది, మేత ముట్టదు. పాలిచ్చే జంతువుల పిల్లలకు తల్లి దూరమైతే చావే. కాబట్టి దూరమవడం అనేది నిప్పు తగిలినంత భరించలేనిదిగా ఉంటేనే పిల్ల బతుకుతుంది. ఆ పాత ఏర్పాటునే మనం పెద్దయ్యాక ప్రేమించినవారికి కూడా వాడుకుంటున్నామని పరిశోధకులు చాలామంది భావిస్తారు.

ఎండిన బావి, ఆగని మోటారు

నొప్పి సగం కథే. మిగతా సగం ఇంకా కష్టమైనది. వద్దని రాసిన మనిషి మీద ఇతనికి ప్రేమ తగ్గాలి కదా? తగ్గదు. పెరుగుతుంది.

హెలెన్ ఫిషర్, ఆర్థర్ ఆరన్, లూసీ బ్రౌన్ తదితరులు 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఈమధ్యే ప్రేమలో కాదనిపించుకున్న 15 మందిని స్కాన్ చేశారు. ఆ మనిషి ఫొటో చూడగానే మెదడు అడుగున, వెన్నుకి దగ్గరగా ఉన్న ఒక చిన్న కేంద్రం చురుకైంది. డోపమైన్ అనే రసాయనం తయారయ్యే చోటది. ఆకలేసినప్పుడు అన్నం కోసం, అలవాటుపడ్డవాడికి సారా కోసం "కావాలి, కావాలి" అనిపించేది ఈ రసాయనమే. మనం దాన్ని కోరికరసం అనుకోవచ్చు. ప్రేమ సఫలమైనవారిలో ఇది పనిచేస్తుందని ముందే తెలుసు. విఫలమైనవారిలోనూ ఆగకుండా పనిచేస్తోందని ఇప్పుడు తెలిసింది. బావి ఎండిపోయింది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. నీళ్లు లేకుండా తిరిగే మోటారు ఏమవుతుందో రైతుకి తెలుసు. వేడెక్కుతుంది.

సైనికుడి విషయంలో ఆ మోటారుని ఇంకా బిగువుగా తిప్పేది ఉత్తరాల పద్ధతి. డోపమైన్ కణాల గురించి వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగం ప్రసిద్ధం. ఒక దీపం వెలిగాక కాసేపటికి కోతి నోట్లో పళ్లరసం చుక్క పడుతుంది. అలవాటయ్యాక దీపం వెలగగానే కణాలు ఎగిరి గంతేస్తాయి. దీపం వెలిగింది కానీ రసం రాలేదనుకోండి. సరిగ్గా రసం రావలసిన క్షణానికి ఆ కణాలు చప్పబడిపోతాయి. మామూలుగా ఉండే స్థాయికంటే కిందికి దిగిపోతాయి. రానిదానికి కూడా మెదడు గడియారం పెట్టుకుని ఎదురుచూస్తుందన్నమాట.

సైన్యంలో ఉత్తరాలు పంచే వేళ ఆ దీపంలాంటిది. అమెరికన్ సైన్యంలో దాన్ని మెయిల్ కాల్ అనేవారు. అందరూ గుమిగూడతారు, ఒకడు సంచి విప్పి పేర్లు గట్టిగా చదువుతాడు. పేరు వినపడినవాడు ముందుకు నడుస్తాడు. వినపడనివాడు, సంచి ఖాళీ అయ్యాక కూడా ఒక్క క్షణం అక్కడే నిలబడతాడు. ఈ వారం వస్తుందో, వచ్చే నెల వస్తుందో తెలియని బహుమానం కోసం మెదడు పడే తపన, రోజూ ఠంచనుగా దొరికేదాని కోసం పడదు. యుద్ధం ప్రేమని ఇలా వారాల తరబడి ఆకలికి అలవాటు చేసి, చివరికి విస్తరి లాగేస్తుంది.

తర్వాతి దశని చూడటానికి అమెరికా గడ్డిమైదానాల్లో బతికే వోల్ అనే ఎలుకలాంటి జంతువు బాగా పనికొచ్చింది. చాలా జంతువుల్లా కాకుండా ఇది జంట కడితే కలిసే ఉంటుంది. 2009లో ఆలివర్ బాష్, లారీ యంగ్ బృందం కొన్ని మగ వోల్‌లను అయిదు రోజులు ఆడవాటితో, కొన్నింటిని సోదరులతో ఉంచి, తర్వాత కొన్నింటిని విడదీసింది. విడదీసినవాటిని నీళ్లలో వేస్తే, సోదరుడిని పోగొట్టుకున్నది గట్టిగా ఈదింది. జంటని పోగొట్టుకున్నది కాళ్లు ఆడించడం మానేసి తేలుతూ ఉండిపోయింది. ఆపద వచ్చినప్పుడు ఒంటిని హెచ్చరించే ఒక రసాయనం వాటి మెదడులో పెరిగింది. ఆ రసాయనం పనిచేయకుండా అడ్డుకునే మందు ఇస్తే మళ్లీ మామూలుగా ఈదాయి. అంటే చేతులు కాళ్లు బాగానే ఉన్నాయి, బలమూ ఉంది. ఈదాలనిపించడమే పోయింది.

ఆస్పత్రిలో తల్లికి దూరమైన పసిపిల్లల్లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ కూడా ఇలాంటి వరసే గమనించారు. ముందు ఏడుపు, పోరాటం. తర్వాత నిశ్శబ్దం. నర్సులు ఆ నిశ్శబ్దాన్ని చూసి పిల్లవాడు కుదుటపడ్డాడని అనుకునేవారు. బారకాసుల్లో కూడా ఈ పొరపాటు జరగడానికి అవకాశముంది. ఉత్తరం వచ్చిన రాత్రి వరసపెట్టి జవాబులు రాసి చించేసేవాడి మీద అందరి కన్నూ ఉంటుంది. వారం తర్వాత ఏమీ మాట్లాడకుండా తుపాకీ తుడుచుకునేవాడిని ఎవరూ పట్టించుకోరు. చూసుకోవలసింది ఆ రెండోవాడిని.

సముద్రం దాటి వచ్చే కాగితం

ఇంటి దగ్గర ఉన్నవాడికి కూడా ప్రేమలు విఫలమవుతాయి. వాడి మెదడు కూడా అదే మెదడు. మరి సైనికుడిది ఇంకా పెద్ద గాయం ఎందుకవుతుంది?

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికులు ఇలాంటి ఉత్తరానికి "డియర్ జాన్" అని పేరు పెట్టుకున్నారు. జాన్ అంటే అక్కడ మన సుబ్బారావులాంటి మామూలు పేరు. అంతవరకు ముద్దుపేర్లతో మొదలైన ఉత్తరాలు ఒకరోజు ఉత్త "డియర్ జాన్"తో మొదలైతే, మిగతాది చదవనక్కర్లేకుండానే విషయం తెలిసిపోయేదని చెబుతారు.

ఆ ఉత్తరం ఎలా వచ్చేదో చూడండి. ఓడల్లో చోటు చాలక అమెరికా 1942 జూన్‌లో వీ-మెయిల్ అనే పద్ధతి మొదలుపెట్టింది. ఇంటివాళ్లు రాసిన కాగితాన్ని ఫొటో తీసి, సన్నటి ఫిల్ము మీదికి ఎక్కించి, సముద్రం దాటించి, అక్కడ మళ్లీ అరచేతికంటే కాస్త పెద్ద కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవారు. లక్షన్నర ఉత్తరాలకు 37 సంచులు పట్టేవి, ఫిల్ము రూపంలో ఒక్క సంచి సరిపోయేది. ఇంత చేసినా, సైనికుడి చేతికి అందేసరికి అది పాత కబురే. ఆమె రాసిన రోజుకీ, ఇతను చదివిన రోజుకీ మధ్య ఇతను ఆమెకి రాసిన ఉత్తరాలు రెండో మూడో ఇంకా దారిలోనే ఉంటాయి. పెళ్లికి ఏ ఊళ్లో ఇల్లు తీసుకుందామా అని అడిగిన ఉత్తరాలు. వాటిని వెనక్కి పిలవలేడు.

ఇంటి దగ్గరైతే వెళ్లి తలుపు తడతాడు. ఎదురుగా నిలబడి ఎందుకని అడుగుతాడు, అరుస్తాడు, ఏడుస్తాడు. ఆమె కళ్లలో చూస్తాడు, ఇక లాభం లేదని తన కళ్లతో తెలుసుకుంటాడు. ఆ తెలుసుకోవడం కూడా ఒక వైద్యమే. సైనికుడికి అది లేదు. కనీసం బాధంతా కాగితం మీద పెడదామన్నా, ఆ యుద్ధంలో మామూలు సైనికుడు ఇంటికి రాసే ఉత్తరాన్ని ముందు అతని దళం ఆఫీసరే చదివి, కత్తిరించాల్సింది కత్తిరించి పంపేవాడు. రేపు ఎవరి ఆజ్ఞ మీద ముందుకు దూకాలో ఆ మనిషే ఇతని ఏడుపు చదువుతాడు.

వియత్నాం యుద్ధంలో రేడియో ద్వారా ఇంటికి ఫోను కలిపే ఏర్పాటు వచ్చింది. అమెరికాలో సరదాగా రేడియో నడుపుకునేవాళ్లు సాయపడి టెలిఫోను లైనుకి కలిపేవారు. ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. మాట ముగియగానే "ఓవర్" అనాలి, అప్పుడే అవతలి గొంతు వినిపిస్తుంది. మధ్యలో ఆపరేటర్లు వింటూనే ఉంటారు. ప్రేమిస్తున్నాను ఓవర్, అనాలి. నువ్వు ఎందుకు మాట్లాడటం లేదు ఓవర్, అనాలి.

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ కాలానికి ఈమెయిలు, వీడియో కాల్ వచ్చాయి. ఆలస్యం పోయింది. కానీ గంట క్రితం తెర మీద విడిపోయిన మనిషి, గంట తర్వాత బాంబులు పాతిన దారిలో గస్తీకి వెళ్లాలి. ఇది చిన్న విషయం కాదు. రాయ్ బౌమీస్టర్ బృందం 2002లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఒక పరీక్ష ఫలితమని చెప్పి, "నువ్వు జీవితంలో చివరికి ఒంటరిగా మిగిలిపోయే రకం" అని కొందరికి అబద్ధం చెప్పారు. వాళ్లకి కంఠతా పట్టింది అప్పజెప్పడం పెద్దగా దెబ్బతినలేదు. బుర్రపెట్టి తర్కించాల్సిన లెక్కలు మాత్రం గాడి తప్పాయి. గస్తీలో కావలసింది ఈ రెండో శక్తే. దారి పక్క మట్టి కొత్తగా తవ్వినట్టుందా లేదా అని గమనించే శక్తి.

నింద ఎవరి మీద

డియర్ జాన్ ఉత్తరాల చరిత్రని సూసన్ కరథర్స్ అనే చరిత్రకారిణి 2022లో పుస్తకంగా తెచ్చింది. అందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. అందరూ చెప్పుకునే ఈ ఉత్తరాలు గ్రంథాలయాల్లో, భాండాగారాల్లో దాదాపు దొరకవు. అందుకున్నవాళ్లు చింపేశారు, కాల్చేశారు. మిగిలినవి మగవాళ్లు చెప్పుకున్న కథలు. ఆడవాళ్ల గొంతు ఆ కాగితాలతోపాటే పోయింది. అందుకే ఆమె ద్రోహి, అతను అమాయకుడు అనే వాదన అంత తేలిగ్గా స్థిరపడింది.

అది న్యాయమని నేననుకోను. యుద్ధానికి పంపే ముందు వారం పది రోజుల పరిచయంతో హడావిడి పెళ్లిళ్లు జరిగాయి. వాటిలో ఎన్నో కొద్దికాలానికే కూలాయి. అమెరికాలో 1940లో జనాభాలో వెయ్యికి 2 విడాకులుండగా, సైనికులు ఇల్లు చేరిన 1946లో 4.3కి పెరిగాయి. ఆ ఒక్క ఏడాదిలో ఆరు లక్షలకు పైగా జంటలు విడిపోయాయి. అవన్నీ ఉత్తరంతో తెగినవి కావు. కొన్ని, ఇద్దరూ ఒకే ఇంట్లో మళ్లీ కలిసి కూర్చున్నాక తెగినవి. విదేశాల్లో ఉన్న సైనికులూ అక్కడి అమ్మాయిలను పెళ్లాడారు, వాళ్లని తీసుకురావడానికి 1945 డిసెంబరులో ప్రత్యేక చట్టమే చేశారు. ఆ సైనికుల కోసం ఇంటి దగ్గర ఎదురుచూసి, అలాంటి ఉత్తరమే అందుకున్న అమ్మాయిల మెదడులో నడికట్టు వేరేలా పనిచేస్తుందా? వాళ్ల ఉత్తరాలకు జాన్‌లాంటి పేరు అంతగా ప్రసిద్ధం కాలేదు, అంతే.

పక్కవాడి చెయ్యి

1943 జనవరిలో అమెరికన్ సైన్యపు వారపత్రిక యాంక్‌లో ఒక వార్త వచ్చింది. మన దేశంలో ఉన్న అమెరికన్ సైనికులు కొందరు, ప్రియురాళ్లు కాదన్నవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారట. పేరు బ్రష్-ఆఫ్ క్లబ్. విదిలించుకోబడ్డవారి సంఘం అనుకోవచ్చు. ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడమే ఆ సంఘం పని. పత్రిక నవ్వుతూనే రాసింది, చదివినవాళ్లూ నవ్వుకుని ఉంటారు. కానీ ఏ మనస్తత్వ శాస్త్రవేత్తా చెప్పకుండానే ఆ కుర్రాళ్లు సరైన మందు కనిపెట్టుకున్నారు.

2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహితులైన స్త్రీలను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలి చీలమండకి చిన్న కరెంటు షాకు తగలవచ్చని హెచ్చరించింది. ఒంటరిగా ఉన్నప్పుడు మెదడులో భయం భాగాలు గట్టిగా మెరిశాయి. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు బాగా తగ్గాయి. ఇందులో సైనికుడికి పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. ఎవరో తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా కూడా కొంత తగ్గింది. చెయ్యి చెయ్యే. పోయినామె చెయ్యి దొరకదు, కందకంలో పక్కవాడిది దొరుకుతుంది.

అయితే గోడు చెప్పుకోవడంలోనూ ఒక తేడా ఉంది. బాధ గురించి వరసగా కొన్ని రోజులు కాగితం మీద రాస్తే మేలు జరుగుతుందని జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో చూపించాడు. దాన్ని చాలామంది పట్టుకున్నారు. కానీ డేవిడ్ స్బారా బృందం కొత్తగా భర్త నుంచో భార్య నుంచో విడిపోయిన 90 మందితో ఇదే చేయించి, 2013లో వేరే సంగతి చెప్పింది. "ఎందుకిలా జరిగింది, నాలో ఏం లోపముంది" అని పదేపదే తవ్వుకునే స్వభావం ఉన్నవారికి, మనసులోది రాయడం మేలు చేయలేదు, కోలుకోవడాన్ని వెనక్కి లాగింది. అలాంటివారు ఈ రోజు ఏం తిన్నాను, ఎక్కడికి వెళ్లాను అని మామూలు దినచర్య రాసినప్పుడే ఎక్కువ కుదుటపడ్డారు. పుండు చూసుకోవడం వేరు, గోక్కోవడం వేరు. కాపలా రాత్రి ఒంటరిగా అదే ఉత్తరాన్ని వందోసారి చదివేవాడికి వివరణ అక్కర్లేదు, పక్కన మనిషి కావాలి, చేతికి పని కావాలి, నిద్ర కావాలి.

ఫిషర్ బృందం చేసిన పరిశోధనలో ఒక మంచి కబురు కూడా ఉంది, ఇంతసేపూ దాచిపెట్టాను. విడిపోయి ఎక్కువ రోజులైనవారిలో, బంధానికి సంబంధించిన ఒక మెదడు భాగం ఆ ఫొటో చూసినప్పుడు తక్కువగా మెరిసింది. మోటారు చల్లబడుతుంది. వారాలు, నెలలు పడుతుంది కానీ చల్లబడుతుంది. ఆ మధ్యకాలం దాటించడమే అసలు సమస్య, ఎందుకంటే సైనికుడి చేతిలో తుపాకీ ఉంటుంది. అమెరికన్ సైన్యం తన సైనికుల ఆత్మహత్యల మీద ఏటేటా చేసే విచారణల్లో, ముందున్న కారణాల కింద ప్రేమ, దాంపత్య బంధాలు బెడిసికొట్టడం తరచుగా కనిపిస్తూనే ఉంది.

హెమింగ్వేకి ఆ మధ్యకాలం దాటింది. 1925లో ఒక చిన్న కథలో ఆ ప్రేమని కొద్ది పేజీల్లో, కోపంగా చెప్పాడు. 1929లో "ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్" నవల రాశాడు. అందులో గాయపడ్డ అంబులెన్సు ఆఫీసరుని నర్సు వదిలిపెట్టదు. చివరిదాకా ప్రేమించి, ప్రసవంలో చనిపోతుంది. పదేళ్లు పట్టింది. ఆగ్నెస్ రాసిన ఉత్తరాన్ని మాత్రం అతను చించలేదు, దాచుకున్నాడు.

మీ ఇంటి నుంచో, మీ వీధి నుంచో సరిహద్దుకి వెళ్లిన కుర్రవాడికో అమ్మాయికో ఇలాంటి కబురు చేరిందని తెలిస్తే, "మగాడివై ఉండి ఏడుస్తావా", "సైనికురాలివి, నీకిదొక లెక్కా" అనకండి. ఆ రోజు ఫోను చెయ్యండి, మర్నాడూ చెయ్యండి. పక్కన ఉండే మిత్రుడి నంబరు ముందే అడిగి పెట్టుకోండి. మాట్లాడటం మానేశాడనిపిస్తే అతని పై అధికారికి చెప్పడానికి సందేహించకండి. మన ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ-మానస్ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. 2023 డిసెంబరులో సైనికుల కోసం పుణేలోని సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగం కూడా తెరిచారు.